ఆకలిని కొలిచే ప్రశ్నలు

అంగన్‌వాడీ కేంద్రంలో పసిపిల్లల పోషణ కొలవడానికి ఎప్పుడూ రెండు పనిముట్లు కనిపిస్తాయి. ఒకటి బరువు తూచే త్రాసు, రెండోది జబ్బకు చుట్టే పట్టీ. ఆరు నెలలు దాటి అయిదేళ్లు నిండని బిడ్డ జబ్బ చుట్టుకొలత 125 మిల్లీమీటర్ల కంటే తగ్గితే పట్టీ పసుపు రంగు దగ్గర ఆగుతుంది, 115 కంటే తగ్గితే ఎరుపు దగ్గర ఆగుతుంది. రెండూ మంచి పనిముట్లే. కాకపోతే అవి చెప్పేది జరగాల్సింది జరిగిపోయాక. జబ్బ సన్నబడక ముందే ఆ ఇంట్లో పప్పు పల్చబడి ఉంటుంది. అంతకు ముందే గుడ్లు కొనడం మానేసి ఉంటారు. దానికీ ముందు ఇల్లాలు నెలాఖరు ఎలా గడుస్తుందోనని బెంగపడి ఉంటుంది. ఈ వరసని మొదట్లోనే పట్టుకునే పనిముట్టు ఇంకొకటి ఉంది. దానికి ముల్లూ లేదు, రంగులూ లేవు. కొన్ని ప్రశ్నలు అచ్చువేసిన కాగితం, అంతే. పైకి సాదాగా కనిపించే ఆ ప్రశ్నల వెనక ఎంత పనితనం ఉందో, అవి ఇంటి కటకటకీ పసిబిడ్డ గిన్నెకీ ఉన్న లంకెని ఎలా బయటపెడతాయో ఒక్కో భాగం విప్పి చూద్దాం.

తిండికి జరగని ఇంటిని బయటి నుంచి గుర్తుపట్టడం కష్టం. ఆదాయం అడిగితే సగమే తెలుస్తుంది. ఒకే కూలి వచ్చే రెండిళ్లలో ఒక ఇంటికి ఆస్పత్రి అప్పు ఉండవచ్చు, ఇంకో ఇంటికి పెరట్లో కోళ్లు ఉండవచ్చు. పండిన ధాన్యం లెక్క దేశం సంగతి చెబుతుంది గాని ఇంటి సంగతి చెప్పదు. పోనీ "తినడానికి ఉందా?" అని సూటిగా అడిగితే, పరువు గల మనిషి ఎవరైనా ఉందనే అంటారు.

1980ల చివర్లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో క్యాథీ రాడిమర్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ఈ చిక్కుముడిని వేరే వైపు నుంచి విప్పారు. ఆకలి అంటే ఏమిటో తామే నిర్వచించడం మాని, న్యూయార్క్ రాష్ట్రంలోని ఎగువ జిల్లాల్లో 32 మంది మహిళలతో తీరిగ్గా మాట్లాడారు. ఇంట్లో సరుకులు నిండుకుంటున్నప్పుడు ఏం చేస్తారో వాళ్ల నోటే చెప్పించుకున్నారు. ఆ మాటల్లో నాలుగు పోగులు కనిపించాయి: తిండి ఎంత, ఎలాంటిది, మనసులో బెంగ ఎంత, దాన్ని సంపాదించడానికి నలుగురిలో తల దించుకోవాల్సి వచ్చిందా లేదా. అంతకంటే విలువైనది, వాటికి ఒక వరస ఉందని తెలియడం. ఆకలి ఇంటి మీద ఒక్కసారిగా వచ్చి పడదు. ఇల్లాలు దాన్ని ఆపుతూ, మళ్లిస్తూ, పంచుతూ వస్తుంది. ముందు బెంగ. తరవాత తిండి నాణ్యత తగ్గించడం. తరవాత పెద్దవాళ్లు తక్కువ తినడం. అన్నిటికంటే చివర పిల్లల వంతు. ఈ వరస దొరకడంతో కొలబద్దకి గీతలు పడ్డట్టయింది.

ఒక్క ప్రశ్నలో నాలుగు భాగాలు

ఆ పునాది మీద లేచిన ప్రశ్నావళులు చాలా ఉన్నాయి. పేద దేశాల్లో బాగా వాడుకలోకి వచ్చింది తొమ్మిది ప్రశ్నలది. అమెరికా సహాయ సంస్థ నిధులతో నడిచిన ఫాంటా అనే ప్రాజెక్టు దీన్ని తయారుచేసి, 2007లో వాడకం పద్ధతితో సహా ప్రచురించింది. అందులో అయిదో ప్రశ్నని తెలుగులో అడిగితే ఇంచుమించు ఇలా ఉంటుంది: "పోయిన నాలుగు వారాల్లో, ఇంట్లో తిండికి సరిపడా లేకపోవడం వల్ల, మీరు గాని మీ ఇంట్లో ఇంకెవరైనా గాని, కావాల్సినంత కాకుండా తక్కువ తినాల్సి వచ్చిందా?"

ఇందులో మొదటి భాగం గడువు. నాలుగు వారాలు అనడంలో ఒక లెక్క ఉంది. రేషన్ నెలకోసారి, జీతం నెలకోసారి, చీటీ డబ్బు నెలకోసారి. వారం గురించే అడిగితే నెలాఖరు తప్పిపోవచ్చు. ఏడాది గురించి అడిగితే ఎన్నిసార్లో గుర్తుండదు. అమెరికా ప్రభుత్వ ప్రశ్నావళి మాత్రం పన్నెండు నెలల గడువు పెట్టుకుంది. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ దేశదేశాల్లో అడిగే ఎనిమిది ప్రశ్నలకీ మామూలుగా అదే గడువు. నాట్లు అయిపోయి కోతలు రాని రోజుల్లో పని దొరకని కూలీ ఇంటి సంగతి తెలియాలంటే ఏడాది మొత్తం చూడాల్సిందే. ఎన్నిసార్లో తెలియాలంటే నెల, ఏ రుతువులోనో తప్పిపోకూడదంటే ఏడాది. ఒకటి కావాలంటే రెండోది కొంత వదులుకోవాలి, అది తెలిసే గడువు ఎంచుకుంటారు.

రెండో భాగం కారణం. "తిండికి సరిపడా లేకపోవడం వల్ల" అన్న ముక్క ఏదో ఒక రూపంలో దాదాపు ప్రతి ప్రశ్నలోనూ మళ్లీ మళ్లీ వస్తుంది. అడిగేవాళ్లకి విసుగు పుట్టించేదీ ఇదే, లెక్కని కాపాడేదీ ఇదే. శివరాత్రి ఉపవాసం, రంజాన్ రోజా, జ్వరంతో సహించకపోవడం, సన్నబడాలని రాత్రి భోజనం మానేయడం, పొలం పనిలో పడి పొద్దెక్కేదాకా తినకపోవడం ఇవన్నీ తక్కువ తినడమే. ఇవేవీ లేమి కావు. ఆ ముక్క లేకపోతే పండగ నెలలో ఊరంతా ఆకలితో ఉన్నట్టు తేలుతుంది.

మూడో భాగం, ఎవరు అన్నది. "మీరు గాని, ఇంట్లో ఇంకెవరైనా గాని" అనడం వల్ల ఒక్క మనిషి తక్కువ తిన్నా ఆ ఇల్లు లెక్కలోకి వస్తుంది. అందరికీ వడ్డించి, చివర గిన్నె అడుగున మిగిలింది తినే తల్లి ఉన్న ఇళ్లలో ఈ జాగ్రత్త చాలా అవసరం. అయితే దీనిలోనే ఒక లోటూ ఉంది: తక్కువ తిన్నది ఎవరో ఇది చెప్పదు. అందుకు వేరే ఏర్పాటు చేశారు, కాస్త ఆగి అక్కడికి వద్దాం.

నాలుగో భాగం, చేసిన పని. "ఆకలిగా ఉందా", "పేదరికంలో ఉన్నారా" అని ఎక్కడా ఉండదు. తక్కువ తిన్నారా, ఒక పూట మానేశారా, రాత్రి తినకుండా పడుకున్నారా అనే ఉంటుంది. తన మీద తాను తీర్పు చెప్పుకోవాల్సిన పని జవాబు చెప్పేవాళ్లకి లేదు. జరిగింది చెబితే చాలు. ఇది మర్యాద కూడా, కచ్చితత్వం కూడా.

అవునన్నాక, ఎన్నిసార్లు అని అడుగుతారు. నాలుగు వారాల్లో ఒకటి రెండుసార్లైతే 1, మూడు నుంచి పదిసార్లైతే 2 వేస్తారు. పది దాటితేనే 3. తొమ్మిది ప్రశ్నలకి కలిపి గరిష్ఠం 27. కానీ ఇంటిని ఏ తరగతిలో చేర్చాలో తేల్చేటప్పుడు మొత్తం మార్కులు చూసి ఊరుకోరు. ఇంట్లో తినడానికి ఏమీ మిగలకపోవడం, ఆకలితో పడుకోవడం, ఒక పగలూ ఒక రాత్రీ ఏమీ తినకపోవడం అన్న చివరి మూడింటిలో ఏ ఒక్కటి ఒక్కసారి జరిగినా ఆ ఇల్లు తీవ్రమైన కొరత తరగతిలోకే వెళుతుంది. పదిసార్లు బెంగపడటం, ఒకసారి పస్తుండటం ఒకటే అనే పొరపాటుకి ఇక్కడ తావులేదు.

వరసకి సాక్ష్యం

ఇవి నిజంగా మెట్లేనా, లేక ఎవరో అనుకుని పేర్చినవా అని ఎలా తెలుస్తుంది? దీనికి జవాబు ఒక బడి పరీక్షల లెక్కలో దొరికింది. డెన్మార్క్ గణితవేత్త జార్జ్ రాష్ 1960లో పిల్లల పరీక్షల గురించి ఒక పద్ధతి ప్రచురించాడు. పిల్లవాడి సామర్థ్యం ఒకటి, ప్రశ్న కష్టం ఒకటి. రెండింటినీ ఒకే గీత మీద పెడితే, జవాబు సరిగా వచ్చే అవకాశం ఆ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని బట్టే ఉంటుందని అతని సూత్రం. సామర్థ్యం ఉన్నచోట ఇంటి లేమిని పెట్టండి, కష్టం ఉన్నచోట ప్రశ్న తీవ్రతని పెట్టండి. లెక్క ఇసుమంతైనా మారదు.

ఈ సూత్రం ఇచ్చే సౌకర్యం చిన్నది కాదు. రోజంతా పస్తున్నామన్న ఇల్లు అంతకు ముందు మెట్లకి చాలావరకు అవునని ఉండాలి. వేల ఇళ్ల జవాబుల్లో ఈ నమూనా నిలబడితే మెట్లు నిజమైనవే. ఏదైనా ప్రశ్నకి జవాబులు చిందరవందరగా వస్తే, దాని అనువాదంలోనో అడిగిన తీరులోనో లోపం ఉందన్నమాట. దాన్ని సరిచేస్తారు, లేదా తీసేస్తారు. పనిముట్టు తన తప్పు తానే చూపించే ఏర్పాటు ఇది. ఇంకో విశేషం, జవాబులు ఈ సూత్రానికి ఒదిగితే ఎన్ని అవునులు వచ్చాయో తెలిస్తే చాలు, ఏవేవి అని చూడక్కర్లేదు. ఆ ఒక్క అంకెలోనే ఇంటి స్థానం దొరుకుతుంది. అందుకే ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ 2013లో మొదలుపెట్టిన ప్రశ్నావళికి ఎనిమిది అవును-కాదు ప్రశ్నలు సరిపోయాయి. సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో ఆహార అభద్రత లెక్క కట్టేది వాటితోనే.

ఒక దేశాన్ని ఇంకో దేశంతో పోల్చేటప్పుడు మాత్రం ఇంకాస్త జాగ్రత్త కావాలి. బెంగ అన్నది ఒక చోట పైకి చెప్పుకుంటారు, ఇంకో చోట దాచుకుంటారు. ఇష్టమైన తిండి అంటే ఒక్కో ఊళ్లో ఒక్కో అర్థం. ఫాంటా వాళ్లు పలు దేశాల జవాబులు పక్కపక్కన పెట్టి చూస్తే, అన్నిచోట్లా ఒకే ఎత్తులో నిలిచినవి ఆ చివరి మూడు ప్రశ్నలే. దేశాలతో పోల్చడానికి ఆ మూడింటినే 2011లో విడిగా ఒక చిన్న కొలబద్దగా ఇచ్చారు. పస్తు ఎక్కడైనా పస్తే.

పిల్లల వంతు ఎప్పుడు

తక్కువ తిన్నది ఎవరన్న లోటుని అమెరికా ప్రశ్నావళి పూడ్చింది. 1995 నుంచి ఆ దేశ జనాభా సర్వేలో భాగంగా అడుగుతూ వచ్చిన ఈ ప్రశ్నలు పద్దెనిమిది. పది ఇంటివీ పెద్దవాళ్లవీ, ఎనిమిది పిల్లలవి. మొదటి కొన్నిటికీ కాదన్న ఇంటిని అక్కడితో వదిలేస్తారు. నిండుగా తినే ఇంటి తల్లిని "మీ పిల్లలు రోజంతా పస్తున్నారా" అని అడగాల్సిన పని పడదు. పిల్లల ఎనిమిదిలో కూడా అదే వరస: చవకైన రెండు మూడు రకాలతోనే పిల్లలకి సరిపెట్టారా, అన్నీ ఉన్న భోజనం పెట్టలేకపోయారా, పెట్టింది తక్కువైందా, పూట మాన్పించాల్సి వచ్చిందా, చివరికి రోజంతా తిననివ్వలేకపోయారా.

రెండు భాగాలూ విడివిడిగా ఉండటం వల్ల తల్లిదండ్రులు పిల్లలకి అడ్డు నిలవడం అంకెల్లో కనిపిస్తుంది. 2023లో పిల్లలున్న అమెరికన్ ఇళ్లలో 17.9 శాతం ఇళ్లకి తిండి కొరత ఉంది. ఆ కొరత పిల్లలదాకా వచ్చిన ఇళ్లు 8.9 శాతం. పిల్లల తిండి పరిమాణమే బాగా దెబ్బతిన్న ఇళ్లు 1 శాతం. అంటే కొరత ఉన్న ఇళ్లలో దాదాపు సగం ఇళ్లలో పెద్దవాళ్లు తామే అడ్డంపడి దాన్ని ఆపేశారు. మిగతా సగంలో కూడా చాలావరకు నాణ్యత దగ్గరే ఆగింది. తల్లులు 1980ల్లో మాటల్లో చెప్పిన వరస, మూడున్నర దశాబ్దాల తరవాత దేశం మొత్తం లెక్కలో అలాగే నిలిచింది. 2025 సెప్టెంబరులో అమెరికా వ్యవసాయ శాఖ ఈ వార్షిక నివేదికలకి స్వస్తి చెబుతున్నట్టు ప్రకటించింది. కొలవడం ఆగినంత మాత్రాన ఆ వరస ఆగదు, కనిపించకుండా పోతుంది, అంతే.

ఇక్కడ ఒక ప్రశ్న మిగులుతుంది. పిల్లలకి పరిమాణం తగ్గలేదంటే బిడ్డ క్షేమంగా ఉన్నట్టేనా? కాదు. రెండేళ్ల లోపు బిడ్డకి దెబ్బ తగిలేది ముందు రకాల్లోనే. అది తెలియాలంటే ఇంటిని వదిలి, బిడ్డ గిన్నెలోకి చూడాలి. దానికి ఇంకో పనిముట్టు ఉంది.

ఎనిమిది గళ్లు

ఆరు నెలల నుంచి ఇరవై మూడు నెలల దాకా ఉన్న పిల్లల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ తయారుచేసిన లెక్కలో ఎనిమిది గళ్లు ఉంటాయి: తల్లిపాలు; తిండి గింజలు, దుంపలు; పప్పులు, గింజలు; పాలు, పెరుగు; మాంసం, చేపలు; గుడ్లు; విటమిన్ ఏ ఎక్కువుండే పండ్లు, కూరగాయలు, ఆకుకూరలు; మిగతా పండ్లు, కూరగాయలు. నిన్న పగలూ రాత్రీ కలిపి వీటిలో కనీసం అయిదు బిడ్డ నోట్లో పడి ఉండాలి. 2008లో వచ్చిన మొదటి లెక్కలో గళ్లు ఏడే, కావాల్సినవి నాలుగు. అందులో తల్లిపాలకి చోటు లేదు. దానివల్ల తల్లిపాలు తాగే బిడ్డ, డబ్బాపాలు తాగే బిడ్డ కంటే వెనకబడినట్టు తేలేది, డబ్బాపాలకి గడి ఉంది గనక. 2017లో తల్లిపాలని ఎనిమిదో గడిగా చేర్చి, హద్దుని అయిదుకి పెంచి ఆ వంకర సరిచేశారు. ఒక్క గడి కలపడం చిన్న మార్పే. అన్ని దేశాల అంకెలూ దానివల్ల నిటారుగా నిలబడ్డాయి.

గళ్లు నింపే పని ఎంత నేర్పుగా ఉంటుందో చూడాలంటే ఒక ఇంటి అరుగు మీద కూర్చోవాలి. సర్వే అమ్మాయి ఎకాయెకి "పప్పు పెట్టారా, గుడ్డు పెట్టారా" అని మొదలుపెట్టదు. అలా అడిగితే పెట్టాలని తెలిసినవన్నీ పెట్టామనే అంటారు. "నిన్న పొద్దున బాబు నిద్ర లేచిన దగ్గర్నుంచి చెప్పక్కా" అంటుంది. తల్లి చెబుతుంది: లేవగానే పాలిచ్చిన, తరవాత టీలో ముంచి బిస్కెట్, మధ్యాహ్నం పప్పన్నం, సాయంత్రం వాళ్ల నాన్న తెచ్చిన ప్యాకెట్, రాత్రి చారన్నం. ఒక చుట్టు అయింది. రెండో చుట్టులో ఒక్కోదాన్ని పట్టుకుంటుంది. పప్పులో ఏం వేసినవ్? పాలకూర. బాబుకి పెట్టింది ముద్దపప్పా, పైన తేటా? ఆకు నోట్లో పడ్డదా? చారులో ఏముంది? మూడో చుట్టు, మధ్యలో మరిచిపోయినవి: అత్తమ్మ ఏమన్నా పెట్టిందా, పక్కింట్లో ఏమన్నా తిన్నాడా?

ఏది ఏ గడిలో పడుతుందన్నదానికి కచ్చితమైన నియమాలున్నాయి. రుచి కోసం చిటికెడు వేసినవి, కారం, మసాలా, కొత్తిమీర, లెక్కలోకి రావు. ముక్కలేమీ లేని తేట చారు ద్రవాల జాబితాలోకే పోతుంది. టీలో పడ్డ చుక్క పాలు పాల గడి నింపవు. బిస్కెట్టూ ప్యాకెట్టూ పిల్లలకి మేలు చేయని తిండి అన్న విడి వరసలో పడతాయి. 2021లో ఈ లెక్కని సవరించినప్పుడు ఆ వరసతో పాటు తీపి పానీయాలు, నిన్న గుడ్డు గాని మాంసం గాని తిన్నాడా, పండూ కూరా ఏదీ తినలేదా అన్నవి కూడా విడివిడిగా చేర్చారు. పై ఇంట్లో బాబుకి నిన్న కడుపు ఖాళీగా లేదు. అయినా దొరికిన గళ్లు తల్లిపాలు, గింజలు, పప్పు, పాలకూర పడి ఉంటే అది. నాలుగు.

నిన్న ఒక్క రోజే ఎందుకంటే, నిన్నటిది గుర్తుంటుంది. పోయిన వారం సగం ఊహే. ఒక్క రోజు లెక్కతో ఆ ఒక్క బిడ్డ గురించి తీర్పు చెప్పకూడదు, నిన్న గుడ్డు తినని బిడ్డ మొన్న తిని ఉండవచ్చు. వేల మంది పిల్లల నిన్నలు కలిపితే మాత్రం ఆ తేడాలు సర్దుకుని ఊరు మొత్తం తిండి తీరు తేలుతుంది. ఏ పనిముట్టు ఎంతవరకు పనికొస్తుందో తెలిసి వాడటం కూడా పనితనమే.

అయిదు గ్రాముల పప్పు

గళ్ల లెక్కలో పరిమాణం ఉండదు. చెంచాడు పప్పుకీ గిన్నెడు పప్పుకీ ఒకటే టిక్కు. ఆ వెలితిని పూడ్చే పద్ధతి మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చేతుల్లో బాగా పదునెక్కింది. 1918లో కూనూరులో చిన్న ప్రయోగశాలగా పుట్టి 1958లో హైదరాబాదు చేరిన ఆ సంస్థ కేంద్రంగా, 1972 నుంచి జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగం రాష్ట్రాల్లో ఇంటింటి సర్వేలు చేసింది. పరిశోధకులు ఒక కొలతల గిన్నెల సెట్టు వెంట తీసుకెళ్లేవాళ్లు. పద్ధతి ఇది: నిన్న ఇంటిల్లిపాదికీ ఎంత పచ్చి సరుకు పోశారో ముందు రాసుకుంటారు. వండాక మొత్తం ఎంత అయిందో గిన్నెలతో కొలిపిస్తారు. ఆ బిడ్డకి పెట్టింది ఎంతో చిన్న గిన్నెతో చూపించమంటారు. తరవాత త్రైరాశికం.

వంద గ్రాముల కందిపప్పు ఉడికించి 800 మిల్లీలీటర్ల పప్పు చేశారనుకోండి. బిడ్డకి పెట్టింది 40 మిల్లీలీటర్లు. వందని నలభైతో గుణించి ఎనిమిది వందలతో భాగిస్తే బిడ్డకి దక్కిన పప్పు 5 గ్రాములు, అందులో మాంసకృత్తులు ఒక గ్రాము. పప్పు ధర పెరిగి, అదే గిన్నెకి యాభై గ్రాములే పోశారనుకోండి. గిన్నె అంతే నిండుగా ఉంటుంది, బిడ్డ అంతే తింటాడు, తల్లి "పప్పన్నం పెట్టిన" అనే అంటుంది, గడిలో టిక్కు అలాగే పడుతుంది. దక్కింది మాత్రం రెండున్నర గ్రాములు. ఇంటి కొరత బిడ్డ దగ్గరికి చప్పుడు చేయకుండా వచ్చే దారుల్లో ఇదొకటి. దాన్ని పట్టుకునేది గిన్నెల లెక్కే.

రెండో దారి బిడ్డ పొట్టలోనే ఉంది. పసిపొట్ట ఒక పూటకి పట్టేది కిలో బరువుకి 30 గ్రాములని లెక్క. ఎనిమిది కిలోల బిడ్డకి 240 గ్రాములు. తల్లిపాలు తాగుతున్న తొమ్మిది నుంచి పదకొండు నెలల బిడ్డకి పాలు కాక బయటి తిండి నుంచి రోజుకి 300 కేలరీలు కావాలి. జావ పల్చగా, గ్రాముకి 0.3 కేలరీలే ఉన్నట్టు కాస్తే, పొట్ట నిండా తాగినా వచ్చేవి 72. మూడు వందలు కావాలంటే నాలుగు నిండు పూటలు దాటాలి. అదే జావ చిక్కగా కాచి, పప్పు కలిపి, గ్రాముకి 0.8 దాకా తెస్తే పూటకి 192 వస్తాయి, రెండు పూటలకే గట్టెక్కుతాడు. పల్చటి జావలోనే ఒక చెంచా నూనె వేస్తే 45 కేలరీలు కలుస్తాయి. సరుకులు తరిగినప్పుడు ఇంట్లో మొదట చేసే పని నీళ్లు కలపడం. పెద్దవాళ్లు పల్చటిది రెండు గిన్నెలు తాగి సర్దుకోగలరు. బిడ్డ పొట్టకి ఆ సౌకర్యం లేదు. పొట్ట నిండుతుంది, ఏడుపు ఆగుతుంది, కేలరీలు అందవు.

పాలు తాగే బిడ్డకి ప్రకృతి ఒక అడ్డు పెట్టింది. తల్లి అర్ధాకలితో ఉన్నా పాల పరిమాణం ఒకపట్టాన తగ్గదు. తరిగేది తల్లి ఒంట్లోని నిల్వలు, కొన్ని విటమిన్లు. తల్లి తన వంతు తగ్గించుకోవడం ఇక్కడా ఆగలేదన్నమాట. ఆరు నెలలు నిండి అన్నప్రాశన అయిన దగ్గర్నుంచి ఆ అడ్డు ఒక్కటే చాలదు, ఇంటి పొయ్యి మీద ఏముందన్నదే బిడ్డకి ముఖ్యమవుతుంది.

రెండు పనిముట్లు పక్కపక్కన

ఇంటి ప్రశ్నలూ బిడ్డ గళ్లూ ఒకే ఇంట్లో, ఒకేసారి అడిగితే అసలు బొమ్మ కనిపిస్తుంది. 2012లో మహారాష్ట్రలో రెండేళ్ల లోపు పిల్లల మీద జరిగిన సమగ్ర పోషకాహార సర్వేలో అలాగే చేశారు. ఆ వివరాలు తీసుకుని తరవాత పరిశోధకులు విశ్లేషిస్తే, ఇంటి కొరత తీవ్రమయ్యేకొద్దీ పిల్లల తిండిలో రకాలు తగ్గాయి, వయసుకి తగ్గ ఎత్తు పెరగని పిల్లలు ఎక్కువయ్యారు.

అయితే రెండు జాబితాలూ పూర్తిగా ఒకదాని మీద ఒకటి కూర్చోవు. కూర్చోని చోటే ఎక్కువ నేర్పుతాయి. రోజుకి రెండు రకాలకి మించి అందని పిల్లలు ప్రపంచంలో అయిదేళ్ల లోపు వాళ్లలో 18.1 కోట్ల మంది ఉన్నారని యునిసెఫ్ 2024 నివేదిక చెప్పింది. వాళ్లలో దాదాపు సగం మందే పేద ఇళ్ల పిల్లలు. మిగతావాళ్ల ఇళ్లలో డబ్బు కంటే వేరే అడ్డంకులు ఎక్కువ: ఏడాది నిండేదాకా గుడ్డు పెట్టకూడదన్న నమ్మకం, పనికి వెళ్లే తల్లికి తీరిక లేకపోవడం, కొట్టులో అయిదు రూపాయల ప్యాకెట్ చేతికందడం. ఆ ఇంటికి డబ్బిచ్చినా గిన్నె మారదు. ఇంకో ఇంట్లో ఇంటి ప్రశ్నలు కొరత చూపిస్తాయి, బిడ్డ గళ్లు మాత్రం నిండుగా ఉంటాయి. అక్కడ ఎవరో అడ్డు నిలిచారు: తల్లో, పెరటి మునగచెట్టో, అంగన్‌వాడీ గుడ్డో. ఆ ఇంటికి సలహాలు చెప్పడం వృథా, ఆ అడ్డుని కాపాడటమే పని. రెండు లెక్కల్లోనూ లోటు తేలిన ఇంటికి సరుకు కావాలి, వెంటనే.

మన దగ్గర ఈ చదువు దేనికి పనికొస్తుందో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకె చెబుతుంది. దేశంలో ఆరు నుంచి ఇరవై మూడు నెలల పిల్లల్లో రకాలూ పూటలూ రెండూ కలిపి కనీస స్థాయికి చేరినవాళ్లు 11.3 శాతం. ఇదే దేశంలో ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకి అయిదు కిలోల బియ్యమో గోధుమలో అందుతున్నాయి, 2023 జనవరి నుంచి ఉచితంగా. రెండు నిజాలూ కొట్టుకోవు. ఉచిత బియ్యం పస్తు అనే చివరి మెట్టుకి గట్టి అడ్డు. గింజల గడి నిండుతుంది. మిగతా గళ్ల సంగతి ఆ సంచిలో లేదు.

ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకి తెలంగాణ అంగన్‌వాడీలు నెలకి రెండున్నర కిలోల బాలామృతం, పదహారు గుడ్లు ఇవ్వడం ఈ వెలితికి తగ్గ ఏర్పాటే. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర కలిపిన ఆ పిండి తక్కువ పరిమాణంలో ఎక్కువ కేలరీలు ఇస్తుంది, పసిపొట్ట లెక్కకి తగ్గట్టు. గుడ్డు, కటకట వచ్చినప్పుడు ఇంట్లో ముందుగా మాయమయ్యే గడిని నింపుతుంది. అయితే ఇంట్లో అన్నా అక్కా ఆకలితో ఉంటే ఆ పొట్లం ముగ్గురిదవుతుంది, అందులో తప్పుపట్టడానికేమీ లేదు. ఆ బిడ్డకి ఎన్ని చెంచాలు దక్కాయో తేలాలంటే పొట్లాలు లెక్కపెడితే చాలదు. ఇంట్లో కొరత ఎంతుందో అడగాలి, నిన్న గిన్నెలో ఏం పడిందో అడగాలి, రెండు జవాబులూ పక్కపక్కన పెట్టాలి. అప్పుడు ఆ ఇంటికి కావాల్సింది ఇంకో పొట్లమా, పప్పా, ఒక మాటసాయమా అన్నది ఊహతో పనిలేకుండా తేలుతుంది.